ఇంజను హెచ్చరిక దీపం

ఇంజను హెచ్చరిక దీపం అనగా మోటారు వాహనాలలో చోదకుని ఎదుట ఉండే సూచీఫలకంపై ఇంజను ఆకారపు గుర్తుతో వెలిగే పసుపు లేక నారింజ రంగు దీపం. వాడుకలో దీనిని చెక్ ఇంజన్ లైటు అంటారు. సాంకేతిక పరిభాషలో దీని పేరు మాల్‌ఫంక్షన్ ఇండికేటర్ ల్యాంప్, సంక్షిప్తంగా ఎం.ఐ.ఎల్. ఈ దీపం వెలిగినంత మాత్రాన ఇంజను పాడైపోయిందని అర్థం కాదు. పొగగొట్టం నుండి వెలువడే కాలుష్యాన్ని హద్దు దాటించగల లోపాన్ని దేనినో కారులోని కంప్యూటరు గుర్తించి, దానికి ఒక సంఖ్య ఇచ్చి జ్ఞాపకంలో భద్రపరచిందని మాత్రమే అర్థం. ఆ సంఖ్యను చదవకుండా విడిభాగాలు మార్చడం వలన డబ్బు వృథా అవుతుంది. దీపాన్ని పట్టించుకోకుండా నడపడం వలన చిన్న ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చుగా మారుతుంది. చేతితో గేర్లు మార్చే కార్లలో ఈ దీపానికి కారణాలు తెలుసుకొనే విధానాన్ని, వికారాబాదు – తాండూరు మార్గంలోని అనంతగిరి వంటి ఘాట్ రోడ్లపై పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చరిత్ర

వాహనం తన లోపాలను తానే కనిపెట్టి చెప్పాలన్న నిబంధన మొదట అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో వచ్చింది. ఆ రాష్ట్రపు వాయు వనరుల మండలి 1988 నమూనా కార్లతో ఈ ఏర్పాటును అమలులోకి తెచ్చింది. అప్పట్లో ఒక్కొక్క తయారీదారుది ఒక్కొక్క సాకెట్టు, ఒక్కొక్క సంకేతభాష. 1996 నమూనా సంవత్సరం నుండి అమెరికా అంతటా ఓ.బి.డి.-2 అనే ఏకరూప పద్ధతి తప్పనిసరి అయింది. ఏ కంపెనీ కారైనా ఒకే రకం సాకెట్టు, ఒకే రకం సంకేతాలు ఉండడం దీని ప్రత్యేకత. ఐరోపా దేశాలు కొద్ది సంవత్సరాల తరువాత పెట్రోలు కార్లకు ఇటువంటి పద్ధతినే అనుసరించాయి.

భారతదేశంలో సీసం కలిసిన పెట్రోలు 2000 సంవత్సరం నాటికి పూర్తిగా తొలగించబడింది. సీసం ఉత్ప్రేరక పరివర్తకాన్ని, అనగా కాటలిటిక్ కన్వర్టరును, నాశనం చేస్తుంది గనుక ఈ మార్పు లేనిదే తరువాతి మార్పులు సాధ్యమయ్యేవి కావు. ఆ కాలంలోనే కార్బ్యురేటరు పోయి ఇంజెక్టర్ల ద్వారా ఇంధనాన్ని చిమ్మే పద్ధతి కార్లలో వ్యాపించింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదు, సికింద్రాబాదులతో సహా 13 ప్రధాన నగరాలలో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. స్వీయ లోపనిర్ధారణ వ్యవస్థ ఈ ప్రమాణాలతోనే మన దేశంలో తప్పనిసరి అయింది. ఆ ప్రమాణాలకు మార్చని మారుతి 800 అమ్మకం ఈ నగరాలలో అప్పుడే ఆగిపోయింది. 2013 ఏప్రిల్ నుండి మరింత విస్తృతమైన ఓ.బి.డి.-2 దశ మొదలైంది. దేశమంతటికీ స్టేజ్-4 విస్తరించినది 2017 ఏప్రిల్ 1న. స్టేజ్-6 వచ్చినది 2020 ఏప్రిల్ 1న. అందువలన ఒకే మోడలు కారు, ఒకే సంవత్సరపుదైనా, హైదరాబాదులో అమ్మినదానికి ఈ వ్యవస్థ ఉండి, ఇతర ప్రాంతంలో అమ్మినదానికి లేకపోవచ్చు. పాత కారుకు స్కానరు తగిలించి, ఏమీ రావడం లేదని విసుగు చెందే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పనిచేసే విధానం

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు ప్రకారం ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఈ నిష్పత్తిని నిలపడం ఇంజను కంప్యూటరు పని. పొగగొట్టంలో పరివర్తకానికి ముందు అమర్చిన ఆక్సిజన్ సెన్సరు, మండగా మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి సుమారు 0.1 నుండి 0.9 వోల్టుల మధ్య సంకేతం పంపుతుంది. తక్కువ వోల్టేజి అయితే మిశ్రమం పలుచన, ఎక్కువ అయితే చిక్కన. కంప్యూటరు దానిని చూసి ఇంజెక్టరు తెరచి ఉండే కాలాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇలా చేసే దిద్దుబాటును ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. పరివర్తకం తరువాత ఉండే రెండవ సెన్సరు, పరివర్తకం సరిగా పనిచేస్తున్నదో లేదో కనిపెడుతుంది.

నిప్పురవ్వ తప్పిపోవడాన్ని, అనగా మిస్‌ఫైరును, కనిపెట్టే తీరు మరింత ఆసక్తికరం. సిలిండరులోకి తొంగిచూసే సెన్సరేదీ సాధారణ కార్లలో లేదు. క్రాంకు షాఫ్టుకు బిగించిన పళ్ళచక్రం పక్కన ఒక సెన్సరు ఉండి, ఒక్కొక్క పన్ను దాటడానికి పట్టే కాలాన్ని కొలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 100 సార్లు మంట పుడుతుంది. వాటిలో ఒక్కటి తప్పితే షాఫ్టు ఆ క్షణంలో లేశమాత్రం మందగిస్తుంది. ఆ మందగింపే కంప్యూటరుకు సాక్ష్యం.

ఒక్కసారి కనిపించిన లోపానికి చాలావరకు దీపం వెలగదు. అదే లోపం వరుసగా రెండు ప్రయాణాలలో కనబడితే వెలుగుతుంది. వరుసగా మూడు ప్రయాణాలలో లోపం లేకపోతే దీపం తనంతట తాను ఆరిపోతుంది, కాని కోడు మాత్రం ఇంజను చల్లబడి మళ్ళీ వేడెక్కే చక్రాలు సుమారు 40 పూర్తయ్యేవరకు జ్ఞాపకంలో మిగిలే ఉంటుంది. దీపం ఆరిపోయింది కదా అని షెడ్డుకు వెళ్ళడం మానుకున్నవారికి కూడా, కోడు చదివించుకొనే అవకాశం కొన్ని వారాలపాటు మిగిలి ఉంటుందన్నమాట.

తాళం తిప్పగానే ఈ దీపం వెలిగి, ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాలి. ఇది దీపానికే జరిగే పరీక్ష. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే దీపం మాడిపోయి ఉండాలి, లేదా ఎవరో కావాలని తీసివేసి ఉండాలి.

నిలకడ వెలుగు, మిణుకు వెలుగు

దీపం నిలకడగా వెలుగుతూ, కారు మామూలుగానే నడుస్తుంటే గమ్యం చేరి నింపాదిగా చూపించుకోవచ్చు. దీపం మిణుకు మిణుకుమంటుంటే అలా కాదు. సిలిండరులో మండని పెట్రోలు నేరుగా పరివర్తకంలోకి పోతున్నదని దాని అర్థం. తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మెపై ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి అరుదైన లోహాల పూతతో పరివర్తకం తయారవుతుంది. మామూలుగానే కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉండే ఆ దిమ్మెపై పచ్చి పెట్రోలు మండితే అది కరిగి మూసుకుపోతుంది. ఒక ఇగ్నిషన్ కాయిలుతో పోయే మరమ్మతు, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన పరివర్తకం మార్చడం దాకా వచ్చేది ఇక్కడే.

పసుపు దీపాన్ని ఎరుపు దీపాలతో పొరబడరాదు. నూనె పీడనం, ఇంజను వేడి తెలిపే ఎర్ర దీపాలు వెలిగితే గమ్యం దాకా వెళ్ళే మాటే లేదు. వెంటనే ఆపి ఇంజను కట్టివేయాలి. అలాగే రెంచి గుర్తుతో కొన్ని కార్లలో కనిపించేది సర్వీసింగు గడువును గుర్తుచేసే సూచన మాత్రమే.

అనంతగిరి మార్గంలో

మూసీ నది జన్మస్థానమైన అనంతగిరి కొండలు వికారాబాదు పట్టణానికి సమీపంలో, హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అనంత పద్మనాభస్వామి ఆలయానికి, అడవి చూడడానికి సెలవు దినాలలో నగరం నుండి కార్లు బారులు తీరుతాయి. వారమంతా నగరంలో మెల్లగా నడిచిన కారు ఇక్కడి మలుపుల ఎత్తులో మొదటిసారి పూర్తి బరువు మోస్తుంది. బలహీనపడిన కాయిలు, అరిగిన ప్లగ్గు, మూసుకుపోతున్న పెట్రోలు ఫిల్టరు చదునైన రోడ్డుపై బయటపడక ఎత్తులోనే బయటపడతాయి. సిలిండరులో పీడనం పెరిగినకొద్దీ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావలసి రావడం దీనికి కారణం. కొండకు వచ్చినందువల్ల కారు చెడిందని అనుకోవడం కద్దు. చెడిపోతున్న భాగాన్ని కొండ పట్టి ఇచ్చిందనడం సబబు.

మాన్యువల్ కార్లలో చోదకుని అలవాటు కూడా దీపానికి కారణం కాగలదు. నాలుగవ గేరులోనే, వేగం 30 కిలోమీటర్లకు పడిపోయినా, యాక్సిలరేటరు తొక్కి ఎత్తు ఎక్కించబోతే ఇంజను గుంజుతూ అదురుతుంది. క్లచ్చు పట్టి ఉన్నంతసేపూ చక్రాల కుదుపులు నేరుగా క్రాంకు షాఫ్టుకు చేరుతాయి గనుక, ఆ అదురును కంప్యూటరు మిస్‌ఫైరుగా లెక్కించవచ్చు. గుంతల రోడ్డుపై కూడా ఇదే చిక్కు. అందుకే అనేక కార్లలో చక్రాల వేగపు సెన్సర్ల సాయంతో గతుకుల రోడ్డును గుర్తించి, ఆ కాసేపు మిస్‌ఫైరు లెక్కను నిలిపివేసే ఏర్పాటు చేస్తారు. ఎత్తులో దీపం మిణుకుమంటే మొదట చేయవలసినది గేరు తగ్గించి, యాక్సిలరేటరును తేలికపరచడం. అప్పుడు మిణుకు ఆగి ఇంజను సాఫీగా నడిస్తే మెల్లగా ముందుకు సాగవచ్చు. ఆగకపోతే మలుపు దాటి, వెనుక వాహనాలకు కనబడే చోట ఆపాలి.

ఎండాకాలంలో ఆపే చోటు మరీ ముఖ్యం. అనంతగిరి ఆకురాల్చే అడవి. మిస్‌ఫైరుతో కాగిపోయిన పరివర్తకం కారు అడుగుభాగాన నేలకు దగ్గరగా ఉంటుంది. ఎండుటాకులు, ఎండు గడ్డి ఉన్న పక్కకు దించి ఆపితే నిప్పంటుకొనే ప్రమాదమున్నది. మట్టి లేదా రాతి నేలపైననే ఆపాలి. ముక్కు ఎత్తువైపు ఉంటే మొదటి గేరు, పల్లం వైపు ఉంటే రివర్సు గేరు వేసి, హ్యాండు బ్రేకు లాగి, చక్రానికి రాయి అడ్డం పెట్టాలి.

దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రలులో వదిలేవారు, ఇంకా సాహసించి ఇంజనునే కట్టివేసేవారు ఉన్నారు. కార్బ్యురేటరు కాలపు ఈ లెక్క ఇప్పటి కార్లకు వర్తించదు. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలినప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి. కంప్యూటరు ఇంజెక్టర్లను పూర్తిగా మూసివేస్తుంది. న్యూట్రలులోనైతే ఇంజను ఆగిపోకుండా ఇంధనం చిమ్మవలసే ఉంటుంది. అంటే న్యూట్రలులోనే ఎక్కువ ఖర్చు. ఇంజను కట్టివేస్తే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది, ఎందుకంటే బ్రేకుకు సాయపడే శూన్యపీడనం ఇంజను నుండే వస్తుంది.

కోడ్లు చదవడం

స్టీరింగు కింద, చోదకుని మోకాళ్ళ దగ్గర 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. దానికి స్కానరు తగిలించి తాళం తిప్పితే కోడ్లు కనబడతాయి. బ్లూటూత్ ద్వారా ఫోనుకు కలిసే చిన్న స్కానర్లు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. కోడులో ఒక అక్షరం, నాలుగు అంకెలు ఉంటాయి. పి అంటే ఇంజను, గేరుబాక్సుల విభాగం. తరువాతి అంకె సున్న అయితే అన్ని కంపెనీలకు ఉమ్మడి కోడు, ఒకటి అయితే సాధారణంగా ఆ కంపెనీ సొంత కోడు. మూడవ స్థానంలో 1 లేక 2 ఉంటే గాలి – ఇంధనం, 3 ఉంటే నిప్పురవ్వ, 4 ఉంటే కాలుష్య నియంత్రణ, 5 ఉంటే వేగం, ఐడిలింగు, 7 లేక 8 ఉంటే గేర్ల వ్యవస్థ.

కోడుతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే సమాచారం కూడా ఉంటుంది. లోపం కనబడిన క్షణంలో ఇంజను వేగం, బండి వేగం, వేడి, భారం ఎంతెంత ఉన్నవో అందులో నమోదవుతాయి. చాలామంది మెకానిక్కులు దీనిని చూడకుండానే కోడు చెరిపివేస్తారు. వ్యాధి లక్షణాలు వ్రాసిన చీటీని చదవకుండా చించివేయడం వంటిదే ఇది. ఏ కోడునైనా చెరిపే ముందు కాగితంపై వ్రాసుకోవాలి.

కోడు చెప్పేది భాగం పేరు కాదు, లక్షణం. పి0130 ఆక్సిజన్ సెన్సరు సర్క్యూటును సూచిస్తుంది. దోషం సెన్సరుదో, వైరుదో, కనెక్టరులో చేరిన నీటిదో తేల్చవలసినది మనిషే.

తరచుగా కనిపించే కోడ్లు

పి0300 అనేక సిలిండర్లలో మిస్‌ఫైరును, పి0301 నుండి పి0304 వరకు వరుసగా ఒకటి నుండి నాలుగవ సిలిండరులో మిస్‌ఫైరును తెలుపుతాయి. ప్రతి సిలిండరుకు వేరే కాయిలు ఉన్న కార్లలో దీనిని ఖర్చు లేకుండా తేల్చవచ్చు. పి0301 వస్తే ఇంజను చల్లారాక మొదటి కాయిలును మూడవ దానితో తారుమారు చేసి, కోడు చెరిపి కొంతదూరం నడపాలి. ఈసారి పి0303 వస్తే కాయిలుదే తప్పు. మళ్ళీ పి0301 వస్తే ప్లగ్గును అలాగే మార్చి చూడాలి. అదీ కాకపోతే ఇంజెక్టరు, చివరకు ఆ సిలిండరు కంప్రెషను.

పి0171 అంటే మిశ్రమం పలుచబడింది. ఇక్కడ ఫ్యూయల్ ట్రిమ్ చూడడం తప్పనిసరి. లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సరున్న కార్లలో, ఐడిలింగులో ట్రిమ్ ఎక్కువగా ఉండి ఇంజను వేగం పెంచినకొద్దీ తగ్గితే, పగిలిన రబ్బరు గొట్టం గుండా లెక్కకు రాని గాలి చొరబడుతున్నదని గ్రహించాలి. ఐడిలింగులో బాగానే ఉండి ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే పెట్రోలు సరఫరా చాలడం లేదు. పంపు, ఫిల్టరు చూడాలి. ఈ రెండవ పరీక్షకు ఘాట్ రోడ్డును మించినది లేదు. అయితే ఫోను తెరను చూడవలసినది పక్కన కూర్చున్నవారు, చోదకుడు కాదు. ఇటీవలి సంవత్సరాలలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండడం వలన అంతే పనికి కాస్త ఎక్కువ ఇంధనం చిమ్మవలసి వస్తుంది. అప్పటికే ఫిల్టరు మూసుకుపోతున్న పాత కారులో ఈ అదనపు దిద్దుబాటు హద్దు దాటి దీపం వెలిగించవచ్చు.

పి0420 పరివర్తకం సామర్థ్యం తగ్గిందని చెబుతుంది. అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యే కోడు ఇదే. పొగగొట్టంలో కారడం, వెనుక సెన్సరు లోపం, ఎప్పటి నుండో పట్టించుకోని మిస్‌ఫైరు, వీటిని తేల్చకుండా కొత్త పరివర్తకం వేస్తే అది కూడా త్వరలోనే పాత దాని గతి పడుతుంది.

దీపం వెలిగితే పెట్రోలు ట్యాంకు మూత బిగించి చూడమని విదేశీ పుస్తకాలలో మొదటి సలహాగా కనిపిస్తుంది. అమెరికా కార్లు ట్యాంకు ఆవిరి కారడాన్ని పరీక్షించుకుంటాయి గనుక అక్కడ అది సరైన సలహా. ఐరోపా పద్ధతిని అనుసరించే మన కార్లలో చాలావాటికి ఆ పరీక్షే లేదు.

మాన్యువల్ గేర్ల కార్ల ప్రత్యేకత

ఆటోమేటిక్ గేరుబాక్సుకు సొంత కంప్యూటరు, సెన్సర్లు ఉంటాయి. వాటి లోపాలు కూడా దీపాన్ని వెలిగిస్తాయి. మాన్యువల్ గేరుబాక్సులో అటువంటివి కొద్దిపాటివే. క్లచ్చు పెడలు మీద ఉండే చిన్న స్విచ్చు వాటిలో ముఖ్యమైనది. పి0704, పి0830 కోడ్లు దీనికి సంబంధించినవి. క్లచ్చు తొక్కితేనే స్టార్టయ్యే కార్లు మొరాయించడం, సిగ్నలు దగ్గర ఇంజను తనంతట తాను ఆగి మళ్ళీ స్టార్టయ్యే సదుపాయం పనిచేయకపోవడం దీని ఇతర లక్షణాలు. తరచుగా స్విచ్చును సరైన స్థానానికి జరిపి బిగించడంతో సరిపోతుంది. బండి వేగపు సెన్సరుది పి0500. స్పీడోమీటరు ముల్లు కూడా పడిపోతే అనుమానం దీనిమీదనే.

దీనికి విపరీతమైన సంగతి కూడా తెలియాలి. మామూలు క్లచ్చు పళ్ళెం అరిగి జారుతున్నా దీపం వెలగదు, ఎందుకంటే దాని అరుగుదలను కొలిచే సెన్సరు లేదు. ఎత్తులో ఇంజను రొద పెరిగి బండి వేగం పెరగకపోతే, కాలిన వాసన వస్తే, దీపం లేకపోయినా క్లచ్చు చూపించుకోవాలి. అలాగే బ్యాటరీ దిగినప్పుడు తోసి స్టార్టు చేసే వీలు మాన్యువల్ కారుకే ఉన్నది. బ్యాటరీ దోషమైతే అది సాయమే. నిప్పురవ్వ లేక స్టార్టు కాని కారును పదే పదే తోస్తే పెట్రోలంతా పచ్చిగా పరివర్తకంలో చేరుతుంది.

దుమ్ము, ఎలుకలు

తాండూరు ప్రాంతం నాపరాతి గనులకు, బండల పాలిషింగుకు, సిమెంటు కర్మాగారాలకు ప్రసిద్ధి. మెత్తని సున్నపురాతి పొడి గాలి ఫిల్టరును కంపెనీ పుస్తకంలో చెప్పిన దూరానికి ముందే మూసివేస్తుంది. అటువంటి చోట నడిచే కార్లకు గడువు కోసం ఎదురుచూడక ఫిల్టరును తీసి చూస్తుండాలి. ఫిల్టరు సరిగా కూర్చోకపోతే ఆ పొడి సెన్సర్లపై పేరుకొని తప్పు కొలతలకు దారితీస్తుంది.

ఎలుకలు వైర్లు కొరకడం పల్లెలలోనే కాదు, నగరాల సెల్లారులలోనూ సాధారణం. వారం రోజులు కదలని కారులో ఒకేసారి సంబంధం లేని నాలుగైదు కోడ్లు వస్తే సెన్సర్లన్నీ ఒక్కసారే చెడిపోయాయనుకోవడం అవివేకం. మొదట బానెటు ఎత్తి వైర్లను, తరువాత బ్యాటరీ వోల్టేజిని, ఎర్తు వైరు బిగింపును చూడాలి.

కోడు చెరపడం, పాత కార్ల కొనుగోలు

మరమ్మతు తరువాత స్కానరుతో కోడు చెరపడం సరైన పద్ధతి. బ్యాటరీ తీగ పీకినా కొన్ని కార్లలో చెరిగిపోతుంది కాని, ఐడిలింగు వంటి విషయాలలో కంప్యూటరు నేర్చుకున్న దిద్దుబాట్లు కూడా పోతాయి. కోడు చెరిపినప్పుడు వ్యవస్థ తనను తాను పరీక్షించుకొనే అంశాలన్నీ అసంపూర్తి స్థితికి వస్తాయి. అవి పూర్తి కావడానికి చల్లని స్టార్టు, నగరపు నడక, హైవేపై నిలకడ వేగం కలిసిన కొన్ని ప్రయాణాలు కావాలి.

పాత కారు కొనేవారికి ఈ సంగతి అక్కరకు వస్తుంది. తాళం తిప్పినప్పుడు దీపం వెలిగి ఆరుతున్నదో లేదో ముందు చూడాలి. తరువాత స్కానరు తగిలించి, కోడ్లు లేకపోయినా, స్వీయ పరీక్షలు పూర్తి అయ్యాయో లేదో చూడాలి. అన్నీ అసంపూర్తిగా ఉంటే బేరానికి ముందు ఎవరో కోడ్లు చెరిపారనో, బ్యాటరీ తీశారనో అనుమానించవచ్చు. కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. పెట్రోలు కారుకు ఆ పరీక్షలో పొగగొట్టం చివర, బండి నిలిచి ఉండగా, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. ఎత్తులో మాత్రమే తప్పే నిప్పురవ్వ ఆ పరీక్షలో కనబడదు.